ఆఫీసుకీ అనంతగిరికీ చెన్నై ట్రాక్‌కీ ఒకే జత టైర్లు: ఏవి వేయించుకోవాలి?

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బండి కేటీఎం డ్యూక్ 390, కంపెనీ వేసిచ్చిన టైర్లు గుండయిపోయాయి. రోజూ మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసు. ఆదివారం తెల్లారుతుండగా చేవెళ్ల మీదుగా అనంతగిరి. ఏడాదికి ఒకటి రెండుసార్లు చెన్నై దగ్గర ట్రాక్ డే, అంటే మామూలు బండ్లని రేస్ ట్రాక్ మీద తోలనిచ్చే రోజు. అక్కడికి బండి మీదే పోయి బండి మీదే రావడం. టైర్ల షాపాయన "ఉన్నవాటిలో సాఫ్ట్‌ది వేసుకో" అన్నాడు. నీ ఫ్రెండేమో "రేసర్లు వాడి తీసేసిన స్లిక్స్ (గాడులు లేని రేస్ టైర్లు) చవగ్గా దొరుకుతాయి, అవి వేసుకో" అన్నాడు. ఎవరి మాట వినాలని అడిగావు.

ఇద్దరి మాటా వినకు. రోడ్డు కోసమే తయారైన స్పోర్ట్ రేడియల్ (లోపలి దారాలు టైరుకి అడ్డంగా ఉండే రకం) జత ఒకటి, నీ బండికి వచ్చిన సైజులోనే తీసుకో. వీలైతే వెనక టైరు రెండు కాంపౌండ్లది, అంటే రెండు రకాల రబ్బరుది చూడు. మిగిలిన డబ్బుతో మంచి గాలి గేజీ కొనుక్కో. నా సమాధానం ఇంతే. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు షాపులో నీకు ఇంకో పేరు చూపించినా నువ్వే తేల్చుకోగలగాలి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. చెన్నై ట్రాక్ అంటే శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది. ఒక ల్యాప్ 3.717 కిలోమీటర్లు. ట్రాక్ డే అంటే రోజంతా తిప్పరు, పదిహేను ఇరవై నిమిషాల సెషన్లు ఉంటాయి. సెషన్‌కి ఏడు ల్యాపులు, రోజుకి అయిదు సెషన్లు అనుకున్నా 130 కిలోమీటర్లు. మరి మియాపూర్ నుంచి నెల్లూరు మీదుగా అక్కడికి పోయి రావడానికి? దగ్గర దగ్గర 1300. అంటే ట్రాక్ మీద వంచి తోలేది ఒక వంతయితే, ఆ ట్రాక్ కోసం నిటారుగా తోలేది పది వంతులు. దీనికి నీ ఆఫీసు రాకపోకలు కలుపు. రోజుకి ముప్ఫై కిలోమీటర్ల చొప్పున ఏడాదికి ఏడు వేలు దాటుతుంది. నీ టైరు బతుకంతా నడిమధ్య మీదే గడుస్తుంది. అంచులు వాడేది ఏడాదిలో రెండు రోజులు, కొన్ని ఆదివారాలు.

ఈ లెక్క వేయకుండా టైరు కొన్నవాళ్ల బండ్లు చాలా చూశాను. మెత్తటి టైరు వేయించుకుని, మురిసిపోతూ విజయవాడ హైవే ఎక్కుతారు. ట్రాక్ చేరేసరికి వెనక టైరు నడిమి భాగం చదునైపోయి ఉంటుంది. నీ బండిలోనూ ఇప్పుడు ఇదే కనిపిస్తుంది, చూసుకో. వెనక టైరుకి అడ్డంగా ఒక స్టీలు స్కేలు ఆనించు. కొత్త టైరయితే స్కేలు ఒక్కచోటే తగులుతుంది, రెండు పక్కలా సందు ఉంటుంది. అరిగిన టైరయితే రెండు మూడు అంగుళాల మేర స్కేలు అలా అతుక్కుని ఉంటుంది. ఆ చదును ఎక్కడ ఆగుతుందో అక్కడ వేలికి ఒక గట్టు తగులుతుంది. బండి వంచేటప్పుడు మొదట మొండికేసి, ఆ గట్టు దాటగానే ఒక్కసారిగా లోపలికి పడిపోతున్నట్టు అనిపిస్తోందా? కారణం ఆ గట్టే. ట్రాక్ మీద ప్రతి మలుపులోనూ రెండుసార్లు దాన్ని దాటాలి, వంచేటప్పుడోసారి, లేపేటప్పుడోసారి. టైరులో రబ్బరు ఎంత మంచిదైనా ఆకారం పోయాక బండి చెప్పిన మాట వినదు.

రెండు కాంపౌండ్ల టైరు ఎందుకన్నానంటే ఇందుకే. నడిమధ్య గట్టి రబ్బరు, పక్కలకి మెత్తటి రబ్బరు పెట్టి చేస్తారు. పిరెల్లీ డయాబ్లో రోసో 4 వెనక టైరు ఇలాంటిదే. దాని అన్నయ్య రోసో కోర్సా 2 లో అయితే ముందు టైరుకి రెండు, వెనక టైరుకి మూడు కాంపౌండ్లు వాడారు. టూరింగ్, అంటే దూర ప్రయాణాల టైర్ల వైపు చూస్తే మిషెలిన్ రోడ్ 5 ఉంది. 2020లో వచ్చిన బీఎస్6 అపాచీ ఆర్ఆర్ 310కి టీవీఎస్ వాళ్లు ఫ్యాక్టరీ నుంచే అది వేసిచ్చారు. ఆ బండి సైజులూ నీవీ ఒకటే, ముందు 110/70, వెనక 150/60, రెండూ పదిహేడు అంగుళాలు. టూరింగ్ టైరు ట్రాక్‌కి పనికిరాదని ఎవరైనా అంటే నమ్మకు. 43 హార్స్‌పవర్ బండితో, ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాడికి అది చాలు. వాన రోజుల్లో ఆఫీసుకి పోయేటప్పుడు దాన్ని మించింది లేదు కూడా. నాకే ఒక్కటి ఎంచుకోమంటే, నీ వాడకానికి రోసో 4 తరహా స్పోర్ట్ టైరు వైపు కాస్త మొగ్గుతాను. చెన్నై ప్రయాణం ఏడాదికి రెండు దాటితే రోడ్ 5 తరహా వైపు.

మన కంపెనీల టైర్లనీ తక్కువ చేయకు. అపోలో ఆల్ఫా హెచ్1, ఎంఆర్ఎఫ్ స్టీల్ బ్రేస్, సియట్ స్పోర్ట్‌రాడ్, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రోటార్క్ ఎక్స్‌ట్రీమ్ అని రేడియల్స్ వచ్చాయి. పదేళ్ల కిందట ఈ సైజులో మనవాళ్ల టైరంటే పెదవి విరిచేవాళ్లం, ఇప్పుడు ఆ మాట అనలేం. మొదటిసారి ట్రాక్‌కి పోయేవాడికి వీటిలో ఒకటి సరిపోతుంది. నీ సైజు ముందుకీ వెనక్కీ రెండిటికీ ఉందో లేదో చూసుకో, కొన్ని మోడళ్లలో ఒకదానికే దొరుకుతుంది. వెనక రేడియల్ వేసి ముందు మామూలు బయాస్ టైరు (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే రకం) ఉంచేయడం లాంటి పనులు చేయొద్దు.

ఇక స్లిక్స్ సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది వినడానికి బాగుంటుంది, గాడి లేకపోతే రోడ్డుకి తగిలే రబ్బరు ఎక్కువ, పట్టు ఎక్కువ అని. పొడి ట్రాక్ మీద, వేడెక్కాక, నిజమే. ఆ "వేడెక్కాక" అన్న మాటలోనే అంతా ఉంది. రేస్ స్లిక్‌కి పట్టు రావాలంటే 80, 90 డిగ్రీల దాకా వేడి కావాలి. అందుకే రేస్ మొదలయ్యే గ్రిడ్ మీద టైర్లకి కరెంటు దుప్పట్లు చుట్టి ఉంచుతారు. నువ్వు బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, రెండో గేరులో వంద గజాలు పోయి, మళ్లీ ఆగే బాపతు. ఆ టైరుకి వేడెక్కే అవకాశమే లేదు. చల్లగా ఉన్న స్లిక్ మామూలు రోడ్డు టైరు కన్నా జారుతుంది. మన ఎండలో తారురోడ్డు కాలిపోతుంది కదా అంటావేమో. పైపైన అంటుకునే వేడి వేరు. టైరు లోపలి గుడ్డ వరకూ నలిగి పుట్టే వేడి వేరు. స్లిక్‌కి కావాల్సింది రెండోది. డిసెంబర్‌లో పొద్దున్నే ఆరింటికి వికారాబాద్ వైపు పొగమంచులో పోతున్నప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

అందులోనూ అవి వాడేసినవి. రేస్ రబ్బరు ఒకసారి బాగా వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత బిగుసుకుంటుంది. గాడి లేదు కాబట్టి ఎంత అరిగిందో కంటికి కనపడదు, పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. రేసరు దాన్ని తీసేశాడంటే అతనికి అది అయిపోయినట్టే. రోడ్డు మీద వాడటం చట్టానికి విరుద్ధం, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడికి నువ్వే సాకు అందించినట్టవుతుంది. ఇంక జూన్‌లో తొలకరి పడినప్పుడు ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ ఆ మొదటి అరగంటలో పైకి తేలతాయి. మెట్రో పిల్లర్ల పక్కన తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు అప్పుడు ఎలా ఉంటాయో గాడి ఉన్న టైరుతోనే మనకి అనుభవం.

ఇక్కడో ముచ్చట. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేస్ జరిగింది గుర్తుందా? ఆ కార్లకి వేసిన హాంకుక్ టైర్లకి గాడులున్నాయి. వానకీ ఎండకీ ఒకటే టైరు అక్కడ, అది ఆ సిరీస్ నియమం. ఊరి రోడ్డు మీద ప్రపంచ స్థాయి రేస్‌కే గాడి ఉన్న టైరు సరిపోయింది. పొడి రోడ్డు మీద పట్టు అనేది గాడి కన్నా రబ్బరు మీదా, లోపలి కట్టుబడి మీదా ఎక్కువ ఆధారపడుతుంది. గాడి పని నీళ్లు బయటికి పంపడం, అంతవరకే.

స్లిక్‌కీ రోడ్డు టైరుకీ మధ్యలో పిరెల్లీ సూపర్‌కోర్సా లాంటివి ఉన్నాయి, పేరుకి నాలుగు గాడులుండి రోడ్డు మీద చెల్లేవి. పెద్ద బండి ఉన్నవాడు, ట్రాక్‌కి ట్రాలీ మీద తీసుకెళ్లేవాడు అవి వేసుకుంటే అర్థముంది. నీ బండి తేలిక, పవర్ తక్కువ, నీ స్పీడు ఇంకా నేర్చుకునే స్పీడు. ఆ టైరుని అది కోరుకునే వేడిలో ఉంచడం నీకు ట్రాక్ మీదే కష్టం, గచ్చిబౌలిలో అసలు కుదరదు. షాపాయన చెప్పిన "సాఫ్ట్‌ది" ఇదే అయితే నవ్వి ఊరుకో.

సైజు మార్చే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. వెనక 160 వేస్తే బండి బలంగా కనిపిస్తుందని చాలామంది వేస్తారు. నీ వెనక రిమ్ వెడల్పు నాలుగు అంగుళాలు. దానిమీద 160 ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుని టైరు కోసుగా తయారవుతుంది, పక్కల రబ్బరు రోడ్డుకి సరిగా ఆనదు. 150/60 అంటే వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 60 శాతం, అంటే 90. అలాగే 160/60 ఎత్తు 96. వెనక ఆరు మిల్లీమీటర్లు లేచి, చక్రం చుట్టుకొలత మారి, ముందు వెనక చక్రాల వేగాన్ని పోల్చుకుంటూ పనిచేసే ఏబీఎస్‌కి లెక్క తప్పుతుంది. ఇదంతా పార్కింగ్‌లో ఎవరో చూసి "అబ్బో" అనడానికి.

టైరు పక్కన రాసి ఉన్న అంకెలు చదవడం ఒక్కసారి నేర్చుకుంటే చాలు. 110/70 ఆర్17 54హెచ్ అని ఉంటే 54 అంటే ఆ టైరు 212 కిలోలు మోస్తుంది, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది. వెనక 66 ఉంటే 300 కిలోలు. అక్షరం పీ అయితే 150, ఎస్ అయితే 180. చవక టైర్లలో పీ కనిపిస్తుంది. చెన్నై ట్రాక్ స్ట్రెయిట్‌లో నీ బండి ఆ 150 దాటుతుంది కాబట్టి అది వద్దు. తర్వాత నాలుగు అంకెల గుళిక లాంటి గుర్తు వెతుకు. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైందని. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని నియంత్రిత జాబితాలో పెట్టింది. అప్పట్నుంచి బయటి టైర్లు కోరుకున్నప్పుడు దొరకవు, దొరికినవి కొన్నిసార్లు గోడౌన్లో ఎన్నాళ్లున్నాయో తెలియదు. రాణిగంజ్‌లో అయినా ఇంకెక్కడైనా టైరు చేతిలో పెట్టగానే ముందు ఆ అంకెలు చూడు, ఐఎస్ఐ గుర్తు చూడు, ధర తర్వాత మాట్లాడు. రెండేళ్లు దాటిన స్టాకైతే తగ్గించి ఇస్తానన్నా నేను తీసుకోను. తగ్గేది డబ్బు, పోయేది రబ్బరులో మెత్తదనం.

బిగించేటప్పుడు పక్కనే నిలబడు. రేడియల్ టైరు గట్టిగా ఉంటుంది, పంక్చర్ షాపు కుర్రాడు రెండు ఇనుప లివర్లు పెట్టి తొక్కుతాడు, అలాయ్ రిమ్ అంచు చెక్కుకుపోతుంది. గాలి మెల్లగా పోతుంటే వాల్వ్ మీద అనుమానపడతాం కానీ చాలాసార్లు ఆ గీత దగ్గరే కారుతుంటుంది. మెషీన్ మీద, రిమ్‌కి ప్లాస్టిక్ తొడుగులు వేసి ఎక్కించేచోటికే పో. బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉందా, పసుపు చుక్క వాల్వ్ పక్కకి వచ్చిందా చూసుకో. బ్యాలెన్సింగ్ చేయించు, రెండు చక్రాలకీ. పాత వాల్వులు తీసేసి కొత్తవి వేయమను.

కొత్త టైరుతో మొదటి వంద కిలోమీటర్లు నెమ్మదిగా, వంపు కొంచెం కొంచెం పెంచుకుంటూ తోలు. అచ్చులోంచి వచ్చిన నున్నదనం పోవాలి. ట్రాక్ డేకి ముందురోజు కొత్త టైరు వేయించుకుని అక్కడికి చేరేవాళ్లుంటారు. నువ్వు ఎలాగూ 600 పైచిలుకు కిలోమీటర్లు తోలి వెళ్తావు కానీ అదంతా తిన్నని రోడ్డు, అంచులు కొత్తవిగానే ఉంటాయి. అందుకే వారం పది రోజులు ముందే వేయించు, ఒక ఆదివారం అనంతగిరి మలుపులకి వదిలేయ్. అక్కడా బుద్ధిగానే తోలు. మలుపులో ఇసుక ఉంటుంది, ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంది, అది రోడ్డు.

ఇప్పుడు అసలు సంగతి, గాలి. టైరు కన్నా దీని గురించే ఎక్కువ చెప్పాలి. పదివేలు పెట్టి టైరు కొని, పెట్రోల్ బంకులో ఉచిత గాలి కొట్టించుకుని ట్రాక్ ఎక్కేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక బంకు గేజీకీ ఇంకో బంకు గేజీకీ మూడు నాలుగు పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి పాయింట్లు) తేడా మామూలు. నీ సొంత గేజీ ఉంటే, అది ఒకవేళ అర పాయింటు తప్పు చూపించినా ప్రతిసారీ అదే తప్పు చూపిస్తుంది, నీకు పోల్చుకోవడానికి అది చాలు.

టైరులో గాలి ప్రతి పది డిగ్రీల వేడికి దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ పెరుగుతుంది. పొద్దున్న నీడలో, 30 డిగ్రీల దగ్గర, 29 పెట్టావనుకో. సెషన్ మధ్యలో లోపలి గాలి 70 డిగ్రీలకి చేరితే అదే టైరులో 35 ఉంటుంది. అంటే నువ్వు తోలేది 29 మీద కాదు, 35 మీద. టైరు ఉబ్బి, రోడ్డుకి తగిలే ముక్క చిన్నదై, మూడో నాలుగో ల్యాపు నుంచి ముందు చక్రం జారుతున్నట్టు అనిపిస్తుంది. పాపం టైరుని తిట్టుకుంటారు. బైకుల ప్రపంచ రేసులు, మోటో జీపీ వాళ్లకీ ఇదే గొడవ. ఎదుటి బండి వెనకాలే పోతుంటే ముందు టైరుకి చల్లగాలి తగలక ప్రెషర్ పెరిగిపోయి పట్టు తగ్గుతుంది. అలాగని ముందే బాగా తగ్గించేస్తే టైరుకి ప్రమాదమని కనీస ప్రెషర్ నియమం పెట్టారు. 2023లో ముందు టైరుకి 1.88 బార్, 2024లో దాన్ని 1.8కి దించారు. దానికి తగ్గితే శిక్ష. ఈ అంకెలు నీ బండికి వాడకు, వాళ్ల టైరు కట్టుబడి వేరు. ఒకటి రెండు పాయింట్ల మీద వాళ్లు ఎంత పట్టింపుగా ఉంటారో చూపించడానికే చెప్పాను.

నువ్వు చేయాల్సింది ఇది. ట్రాక్ చేరాక బండి నీడలో ఉంచు. ఎండలో నిలబెడితే ఎండ తగిలిన వైపు చక్రం ఎక్కువ చూపిస్తుంది, మనం అది తగ్గించేస్తాం, తీరా అసలు చల్లటి ప్రెషర్ తక్కువైపోతుంది. మాన్యువల్లో ఉన్న ఒంటరి ప్రయాణం అంకె కన్నా రెండు పాయింట్లు తగ్గించి మొదలుపెట్టు. టైరు కంపెనీ ట్రాక్‌కి వేరే అంకె ఇచ్చి ఉంటే అదే పెట్టు. సెషన్ అయ్యి పిట్‌లోకి రాగానే, హెల్మెట్ తీయకముందే, గేజీ పెట్టి చూడు. రెండు నిమిషాలు ఆలస్యమైనా అంకె పడిపోతుంది. కాగితం మీద రాసుకో. చల్లగా 27 పెట్టినది 32 దగ్గర ఉంటే బాగానే ఉంది. 36 దాకా ఎగబాకిందంటే టైరు ఎక్కువ నలుగుతోంది, అంటే మొదట్లో మరీ తక్కువ పెట్టావు. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది కానీ నిజం, తక్కువ గాలి ఉన్న టైరే ఎక్కువ వంగి ఎక్కువ వేడెక్కుతుంది. ఒకటిన్నర కూడా పెరగలేదంటే నువ్వు ఇంకా నెమ్మదిగా తోలుతున్నావు. అది తప్పేం కాదు, అలాంటప్పుడు గాలి ఇంకా తగ్గించుకుంటూ పోవద్దు. మధ్యాహ్నం ఎండ ఎక్కేసరికి పొద్దుటి అంకెలు చెల్లవు, మళ్లీ చూసుకో.

నైట్రోజన్ కొట్టించాలా అని అడుగుతారు. మామూలు గాలిలో నాలుగింట మూడొంతులు పైన నైట్రోజనే. తేమ లేని గాలి అయితే చాలు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు గాలి తిరిగి రోడ్డు అంకెకి తెచ్చుకోవడం మర్చిపోకు. అలసిపోయి ఉంటావు, తొందరగా హైవే ఎక్కాలనిపిస్తుంది. సామాను కట్టిన బండి, తక్కువ గాలి, నెల్లూరు దాకా వంద మీద పరుగు, ఈ మూడూ కలిస్తే టైరు పక్కలు ఉడికిపోతాయి. చిన్న ఎలక్ట్రిక్ పంపు ఒకటి బ్యాగులో పెట్టుకో, బ్యాటరీకి తగిలించి కొట్టుకోవచ్చు.

సెషన్ తర్వాత టైరు ఏం చెప్తోందో చూడటం అలవాటు చేసుకో. బొటనవేలు అంచు మీద పెట్టి రుద్దు. రబ్బరు సన్నగా, అంతటా ఒకేలా గరుకు కాగితంలా ఉంటే ఆరోగ్యంగా ఉంది. అంచున చిన్న చిన్న రబ్బరు ఉండలు చుట్టుకుని ఉండటం మామూలే, చూసి గాబరా పడొద్దు. పొరలు పొరలుగా చిరిగి, తీగలు లేచినట్టుందంటే ముందు గాలి చూడు. గాలి సరిగ్గా ఉన్నా అలాగే ఉంటే సస్పెన్షన్ సంగతి చూడాలి, అప్పుడు అక్కడున్న ఇన్‌స్ట్రక్టర్‌కి టైరు చూపించి అడుగు, నోటితో వర్ణిస్తే తేలదు. అంచు దాకా టైరు వాడావా లేదా అని ఫోటోలు పెట్టుకునే పిచ్చి ఒకటుంది, అరగకుండా మిగిలిన ఆ అంచు పట్టీని చికెన్ స్ట్రిప్స్ అంటారు. అది నీ వంపుని చూపిస్తుంది కానీ నీ వేగాన్ని కాదు. శరీరాన్ని బాగా లోపలికి దించి తోలేవాడి బండి తక్కువ వంగుతుంది, అంచు మిగిలిపోతుంది, అతనే నిన్ను దాటిపోతాడు.

ఇంకో మాట. ఆ ట్రాక్ గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది. కుడి వైపు అంచు ఎక్కువ వాడతావు, ఎక్కువ వేడెక్కుతుంది. వరసగా కుడి మలుపుల తర్వాత వచ్చే ఎడమ మలుపులో ఆ వైపు రబ్బరు ఇంకా చల్లగా ఉంటుంది. మొదటి రెండు ల్యాపులు ఎడమ మలుపుల దగ్గర కాస్త మర్యాదగా ఉండు. దుప్పట్లు అవీ నీకు అక్కర్లేదు, రోడ్డు టైరు ఆ రెండు ల్యాపుల్లోనే దారికొస్తుంది. ఈ సౌకర్యం కోసమే కదా దాన్ని వేసుకున్నది.

పంక్చర్ పడిన టైరుతో ట్రాక్ ఎక్కొద్దు. బయట్నుంచి గుచ్చే పురికొస ప్యాచీ ఆఫీసుకి పోవడానికి చాలు, స్ట్రెయిట్‌లో బ్రేకు పట్టే చోటికి చాలదు. ట్రాక్‌కి నెల ముందు పడిందా, లోపల్నుంచి పుట్టగొడుగు ప్లగ్ వేయించి రోడ్డుకి వాడుకో, ట్రాక్‌కి వేరే టైరు చూసుకో.

ఈ సలహా ఎప్పుడు మారుతుందో కూడా చెప్తాను. ట్రాక్ పిచ్చి ముదిరి రెండు మూడు నెలలకోసారి పోవడం మొదలైతే ఒకే జతతో బతకడం మానెయ్. సెకండ్ హ్యాండ్‌లో 390 రిమ్ముల జత ఒకటి, డిస్కులతో సహా వెతుకు. దానిమీద ట్రాక్ టైర్లు ఎక్కించి పెట్టు, ఇంట్లో అరగంటలో చక్రాలు మార్చుకోవచ్చు. అప్పుడు బండిని బొలెరో పికప్‌లో ఎక్కించుకుని ఇద్దరు ముగ్గురు కలిసి పంచుకుంటే పెట్రోలు, టైరు అరుగుదల, నడుం నొప్పి అన్నీ లెక్కేసినప్పుడు పెద్ద తేడా రాదు. కోయంబత్తూరు కరి ట్రాక్‌కయితే మరీనూ, అది 900 కిలోమీటర్ల పైమాటే. సికింద్రాబాద్ నుంచి రైలు పార్సిల్లో పంపేవాళ్లూ ఉన్నారు, ట్యాంకు ఖాళీ చేసి గోనెగుడ్డ చుట్టి. అదయితే నేను సిఫార్సు చేయను, బండి ఏ రోజు చేతికొస్తుందో తెలియక ట్రాక్ రోజు కాస్తా పోతుంది.

నువ్వు ముందు టైరు సంగతి రాయలేదు. మామూలుగా 390లో రెండు వెనక టైర్లు అరిగేలోపు ముందుది ఒకటి అరుగుతుంది. గాడి అడుగున ఉండే అరుగుదల గుర్తు మీద రబ్బరు ఇంకా మిగిలి ఉండి, తయారై నాలుగేళ్లు దాటకపోతే, పక్కలకి గుంటలు పడకపోతే, ఇప్పటికి ఆఫీసు వరకు వెనకది ఒక్కటే మార్చినా నడుస్తుంది. ట్రాక్‌కి మాత్రం రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, కలిపి మార్చు. ముందుదాని నాలుగు అంకెలు చూసి చెప్పు, ఏది చేయాలో అప్పుడు తేల్చేద్దాం.